ఒక దేశానికి పదకొండు మిస్డ్ కాల్స్

ముందే చెప్తా ఉండాను, నవ్వేది ఉంటే అంతా అయినాంక నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు ఈ టీ గొంతు దిగదు.

పోయిన వారం ఒక దేశం ఇంటర్నెట్‌లో నుంచి మాయమయ్యేదానికి రెడీగా ఉండింది. దేశమంటే ఏదో పెద్దది అనుకునేరు, మన కోలారు తాలూకా అంత కూడా ఉండదు. సముద్రం మధ్యలో నాలుగు దీవులు. కానీ జెండా ఉండాది, పార్లమెంటు ఉండాది, మన మాదిరే మనుషులుండారు. పేరు చెప్పను, చెప్తే మీరు మ్యాప్‌లో వెతుకుతా టీ చల్లార్చుకుంటారు. ఆ దేశాన్ని కాపాడాల్సిన డ్యూటీ నాది. ఆ టైంలో ఈ శ్రీధర్ గారు, అంటే నేనే, ఏం చేస్తా ఉన్నారంటే, రైలు పెట్టెలో నిలబడి జనానికి సెల్‌ఫోన్ మర్యాదలు నేర్పిస్తా ఉన్నారు!

నా ఉద్యోగం ఏందో మీలో సగం మందికి తెలీదు. మా ఆవిడ పద్మకే సరిగ్గా తెలీదు, "కంప్యూటర్‌లో పేర్లు చూస్తారు" అని చెప్తాది అందరికీ. తప్పేం కాదులే. వెబ్‌సైట్ పేరు చివర్లో చుక్క పెట్టి రెండక్షరాలు ఉంటాయి గదా, అవి ఒక్కో దేశానికి ఒక్కో జత. ఆ అక్షరాల కింద ఏ పేరు ఎవరిది, అది యాడ ఉండాది అని ఒక పెద్ద చిట్టా ఉంటాది. దాన్ని చూసుకునేదానికి ప్రతి దేశంలో మేనేజర్లు ఉంటారు. ఒక దేశం చిట్టా కాపీని ఇంకో దేశం కూడా తన సర్వర్‌లో పెట్టుకుంటాది. ఇక్కడ కాలిపోతే అక్కడ దొరికే మాదిరి. పక్కింట్లో తాళంచెవి ఇచ్చిపెట్టినట్ల అనుకోండి. దీన్నే పెద్ద మాటల్లో అంతర్జాతీయ సహకారం అంటారు. అట్లాంటి కాపీలు పెట్టుకునే ఒక చిన్న ఆఫీసు బెంగళూరులో ఉండాది. దాంట్లో వేరే దేశాలోళ్ళతో మాట్లాడే అధికారిని నేను.

మాట్లాడేదంటే ఏముంది, సుమ్నే, ఊరికే అట్ల ఈ-మెయిల్‌లో "దయచేసి జతపరచినది చూడండి" అని రాసేదే.

అట్లాంటి నేను రెండు నెలలు కూర్చోని ఒక ప్రొసీజర్ రాసినాను. ఇరవయ్యారు పేజీలు! ఏ దేశానికైనా ఆపద వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాల, ఎట్ల నమ్మాల, ఎవరు ఒప్పుకోవాల, అన్నీ దాంట్లో ఉండాయి. ఇంగ్లీషు దిద్దమని మా అత్తమ్మకు ఇచ్చినాను. అత్తమ్మ సులోచనమ్మ, మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోనే కోరమండల్ పేటలో ఉంటారు. ముప్పై ఏళ్ళు స్కూల్లో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనారు. ఆమె ఇంగ్లీషు వింటే గనుల కాలం దొరలు కూడా లేచి నిలబడాల.

ఆమె మొత్తం చదివి, తొమ్మిదో పేజీ దగ్గర వేలు పెట్టినారు.

"శ్రీధరా, మొదట ఫోన్ చేయాల్సింది నీ మొబైల్‌కి. నువ్వు దొరక్కపోతే నీ టేబుల్ మీద ఫోన్‌కి. అప్పుడూ దొరక్కపోతే నీకు ఈ-మెయిల్. ఏమప్పా, నీకు జ్వరం వస్తే ఆ దేశాలన్నీ ఏం చేయాల?"

"అత్తమ్మా, ఇది ఇంటర్నేషనల్ డాక్యుమెంట్. మూడంచెల పద్ధతి అంటారు దీన్ని. మీరు కామాలు చూడండి చాలు."

ఆమె కామాలు చూసినారు. వంద పైన దొరికినాయి.

ఆ ప్రొసీజర్ చూసి మా మూర్తి సార్, అదే మా డైరెక్టర్, చానా సంతోషపడినారు. ఏడెనిమిది దేశాల మేనేజర్లు బెంగళూరుకు మీటింగ్‌కి వస్తా ఉండారు, నువ్వే మాట్లాడు అన్నారు. టాపిక్ ఏందో తెలుసా? "ఆపదలో ఒకరికొకరు అందుబాటులో ఉండటం ఎట్ల." పొద్దున నా ఉపన్యాసం, మధ్యాహ్నం ఒక డ్రిల్. అంటే ఒక దేశం ఉత్తుత్తిగా ఆపద అని ఫోన్ చేస్తాది, మేము ఉత్తుత్తిగా కాపాడతాము.

ఆ రోజు పొద్దున్నే పద్మ ఒక డబ్బాలో బస్సారు, అదే పప్పూ ఆకుకూరా ఉడికించిన నీళ్ళతో కాచిన చారు, పోసి ఇచ్చింది, "పోతా పోతా అమ్మకు ఇచ్చిపోండి" అని. రోజూ మారికుప్పంలో రైలెక్కే మనిషిని, ఆ రోజు స్కూటర్ వేసుకోని కోరమండల్ పోయి, స్కూటర్ అత్తమ్మ ఇంటి ముందర పెట్టినాను. అక్కడి స్టేషన్‌లో ఎక్కొచ్చు గదా అని. అత్తమ్మ కాఫీ ఇచ్చినారు. కాఫీ తాగే లోపల కొంచెం చార్జ్ ఎక్కనీలే అని ఫోన్ అక్కడ బల్ల మీద తగిలించినాను. ఆ బల్ల మీదే అత్తమ్మ ఫోన్ కూడా చార్జ్ అవుతా ఉండాది. రెండూ ఒకటే కంపెనీ, ఒకటే నల్ల కవరు. కొనిచ్చిన మహానుభావుడు ఎవరు? నేనే.

రైలు కూత వినపడింది. చేతికి దొరికిన ఫోన్ లాగి బ్యాగ్‌లో వేసుకోని పరుగెత్తినాను.

పెట్టె నిండా జనం. బ్యాగ్ పైన అటకలో పెట్టి, ఉపన్యాసం కాగితాలు చేత్తో పట్టుకోని మనసులోనే చదువుకుంటా ఉండాను. నా పక్కన క్యాసంబళ్ళి ఊరామె, మునిరత్నమ్మక్క కూర్చోనుండాది. బెంగళూరులో ఏదో ఆసుపత్రిలో ఆయా. రోజూ అదే రైలు, నమస్కారం సార్ అంటే నమస్కారం అక్కా అనుకునేంత పరిచయం.

బంగారుపేట దాటినాము. అప్పుడు మొదలైంది చూడండి! గంటలు, శంఖం, దాని ఎనకాల ఎవరో గట్టిగా హారతి పాట. ఎవరిదో ఫోన్. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగింది. మళ్ళీ!

నాది కాదని నాకు గ్యారంటీ. నా ఫోన్ ఎప్పుడూ వైబ్రేషన్‌లోనే ఉంటాది. నేను ఇంటర్నేషనల్ మనిషిని గదా.

ఐదోసారికి తట్టుకోలేకపోయినాను. లేచి నిలబడినాను.

"ఎవరిదండీ ఆ ఫోన్? ఇంతమంది ప్రయాణం చేస్తా ఉంటే ఎత్తైనా ఎత్తాల, ఆఫైనా చేయాల! అవతల మనిషికి ఏం అవసరమో ఏమో! ఫోన్ కొనుక్కుంటే సరిపోదు, ఎత్తేది కూడా నేర్చుకోవాల!"

కిటికీ దగ్గర ఒక పెద్దాయన పాపం తన ఫోన్ తీసి మూడుసార్లు చూసుకున్నాడు. ఇంకొకాయన "కరెక్ట్‌గా చెప్పినారు సార్" అన్నాడు. నాకు ఇంగ ఉత్సాహం వచ్చేసింది. అందుబాటులో ఉండటం అంటే ఏంది, అది మనిషికి ఎంత ముఖ్యం అని చేతిలో కాగితాల్లో నుంచే రెండు పాయింట్లు కూడా చెప్పినాను. రిహార్సల్ కూడా అయిపోతాది గదా! పైన హారతి పాట వస్తానే ఉండాది. టేకల్ వచ్చింది, పోయింది.

మునిరత్నమ్మక్క మెల్లిగా నా చొక్కా లాగింది.

"సార్, కోపం చేసుకోవద్దు. మీ బ్యాగే పాడతా ఉండాది."

"నాదా? ఛాన్సే లేదు అక్కా."

"తీసి చూడండి సార్. నేను మూడోసారి నుంచి చూస్తా ఉండాను. మీరు మంచి మాటలు చెప్తా ఉంటే మధ్యలో ఎందుకులే అని ఊరుకున్నాను."

తీసినాను. స్క్రీన్ మీద అత్తమ్మ మనవరాలి ఫోటో, అంటే నా కూతురే. కింద పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ ఒకరివే. "శ్రీధర్, పద్మ భర్త."

అంటే నేను. నాకు నేనే పదకొండుసార్లు ఫోన్ చేసుకున్నాను!

పెట్టె మొత్తం నన్నే చూస్తా ఉండాది. "కరెక్ట్‌గా చెప్పినారు" అన్నాయన ఇప్పుడు కిటికీ బయటికి చూస్తా ఉండాడు, భుజాలు మాత్రం కదులుతా ఉండాయి. తిరిగి చేద్దామంటే అత్తమ్మ ఫోన్‌కి లాక్ ఉండాది. ఆరంకెలు! ఆఫీసులో సెక్యూరిటీ క్లాసులు చెప్పే నా ఫోన్‌కేమో ఒకటి రెండు మూడు నాలుగు, అత్తమ్మ ఇట్టే తెరిచేసినారు.

పన్నెండోసారి మోగింది. ఎత్తినాను.

"శ్రీధరా." ఆ గొంతు వింటే నేను ఇప్పటికీ హోంవర్క్ చేయనోడి మాదిరి అయిపోతాను. "మాట్లాడొద్దు, విను. నీ ఫోన్‌కి టావిటా అనే ఆయన చేసినాడు. దీవుల దేశం. రాత్రి తుఫాను వచ్చిందంట, కేబుల్ స్టేషన్లో నీళ్ళు చేరినాయంట. వాళ్ళ సర్వర్లన్నీ పోయినాయి. మిగిలింది మీ దగ్గరుండే కాపీ ఒక్కటే. అది కూడా..."

నాకు అర్థమైపోయింది. డ్రిల్! మధ్యాహ్నం పెట్టుకోవాల్సింది పొద్దున్నే మొదలుపెట్టేసినారు. తుఫాను, కేబుల్, ఏం స్క్రిప్ట్ రాసినారబ్బా అనుకున్నాను.

"అత్తమ్మా, అది డ్రిల్. ఉత్తుత్తిది. మీరేం చేయొద్దు, పెట్టేయండి" అని నేనే పెట్టేసినాను. పక్కన మునిరత్నమ్మక్కకు కూడా చెప్పినాను, ఇదంతా నాటకం అక్కా, మా ఆఫీసు వ్యవహారం అని.

వెంటనే మళ్ళీ మోగింది.

"ముప్పై ఏళ్ళు స్కూల్లో డ్రిల్ చేయించినాను నేను. డ్రిల్‌లో ఎవరూ ఏడవరు శ్రీధరా. ఆయన ఏడుస్తా ఉండాడు."

కాగితాలు మడిచి జేబులో పెట్టుకోని, ఫోన్ చెవికి అదుముకున్నాను.

అత్తమ్మ ఒక్కొక్కటే చెప్పినారు, పాఠం చెప్పినట్ల. మొదట టావిటా ఫోన్ చేసినప్పుడు ఆమె నమ్మలేదంట. నేను దిద్దమని ఇచ్చిన ఇరవయ్యారు పేజీలు ఆమె బీరువాలోనే ఉండాయి. దాంట్లో ఆరో పేజీలో నేనే రాసినాను, చేసినోడి మాట నమ్మొద్దు, లిస్ట్‌లో ఉండే నంబర్‌కి మనమే తిరిగి చేయాల అని. "మీరు పెట్టేయండి, నేను చేస్తాను" అని చెప్పి, లిస్ట్‌లో ఉండే శాటిలైట్ ఫోన్ నంబర్‌కి ఆమే చేసినారు. టావిటానే ఎత్తినాడు. ఒక స్కూల్ బిల్డింగ్‌లో ఉండాడంట, ఊరంతా అక్కడే ఉండాదంట.

కాపీకి ఒక గడువు ఉంటాది. అసలు సర్వర్ నుంచి అంతసేపు పలుకు లేకపోతే, మా దగ్గరుండే కాపీ "ఇంగ నేను పాతబడినాను, ఏమీ చెప్పను" అని నోరు మూసుకుంటాది. టావిటా వాళ్ళు ఆ గడువు చానా తక్కువ పెట్టుకున్నారు. అది దాటితే ఆ దేశం పేరుతో ఉండే ఒక్క అడ్రస్ కూడా ప్రపంచంలో యాడా తెరుచుకోదు. వాళ్ళ ఆసుపత్రి మెయిల్, పడవల కబురు, అన్నీ. అన్నిటికంటే ముఖ్యం, ఎవరెవరు క్షేమంగా ఉండారో పేర్లు పెట్టే ఒక పేజీ. అది ఇంకో దేశంలోని కంప్యూటర్లో భద్రంగానే ఉండాది, కానీ దారి చూపించే చిట్టా మా దగ్గర ఉండాది. వేరే దేశాల్లో ఉండే అన్నలు, అక్కలు, పిల్లలు పొద్దున నుంచి ఆ పేజీ తెరిచి పేర్లు వెతుక్కుంటా ఉండారంట.

"గడువు ఇంకా ఎంత ఉండాది అత్తమ్మా?"

"ఇరవై ఐదు నిమిషాలు. నేను మొదటిసారి నీకు చేసినప్పుడు గంట పైన ఉండింది. నువ్వు ఏం చేస్తా ఉంటివప్పా అంతసేపు?"

ఏం చెప్పాల? అందుబాటు గురించి ఉపన్యాసం ఇస్తా ఉంటిని అనా?

ఆఫీసులో డ్యూటీ ఇంజనీర్ లావణ్య. అత్తమ్మ ఆఫీసు నంబర్‌కి చేసి ఆమెను కూడా పట్టుకోని, అన్నీ సిద్ధం చేయించి పెట్టినారు. మా కాపీనే అసలుదానిగా మార్చేయాల, అంతే. ఒక్క మీట నొక్కితే అయిపోతాది. కానీ పద్నాలుగో పేజీ ప్రకారం సంప్రదింపుల అధికారి తన నోటితో రహస్య పదాలు చెప్తేనే నొక్కాల. ఆ అధికారి ఎవరంటారు?

"లైన్లో కలుపుతా ఉండాను" అన్నారు అత్తమ్మ. రిటైరైన టీచర్ల గ్రూప్ కాల్స్ అన్నీ ఆమే నడుపుతారు, ఆమెకు ఇదేం లెక్క.

"సార్, లావణ్య. అప్రూవల్ పదాలు చెప్పండి."

నేను గొంతు తగ్గించినాను. ఎందుకంటే ఆ పదాలు పెట్టుకునేటప్పుడు నాకు ఆకలిగా ఉండింది.

"రాగి సంగటి."

"వినపడలేదు సార్."

"రాగి సంగటి! నాటుకోడి పులుసు! నెయ్యి..." కట్! మాలూరు దగ్గర సిగ్నల్ పోయింది.

మళ్ళీ వచ్చేసరికి నేను తలుపు దగ్గర నిలబడి, ఒక చెవి మూసుకోని, అరుస్తా ఉండాను. "రాగి సంగటి! నాటుకోడి పులుసు! నెయ్యి ఎక్కువ!"

"సార్, మధ్యలో తెగింది. మొదటి నుంచి చెప్పండి."

"లావణ్యా, నా గొంతు నీకు తెలీదామ్మా? నేనే గదా!"

"మూడు పదాలూ వరసగా, స్పష్టంగా. పద్నాలుగో పేజీ సార్. మీరే రాసినారు."

"శ్రీధరా," మధ్యలో అత్తమ్మ, "నోరు తెరిచి చెప్పు. స్టేజి మీద పద్యం చెప్పినట్ల."

చెప్పినాను. పెట్టె మొత్తం వినేటట్ల చెప్పినాను. ఐదుసార్లు చెప్పినాను. దేవనగొంది దగ్గర ఆరోసారి సిగ్నల్ నిలబడింది. అవతల మీట నొక్కిన చప్పుడు. అప్పుడు లావణ్య మెల్లిగా అనింది, "అయిపోయింది సార్. పేర్లన్నీ పలుకుతా ఉండాయి. తొమ్మిది నిమిషాలు మిగిలింది."

అత్తమ్మ వెంటనే టావిటాకు చేసి చెప్పి, మళ్ళీ నాకు చేసినారు. "చెప్పినాను. మళ్ళీ ఏడ్చినాడు. ఈసారి ఏడుపు వేరే లే. పొద్దున నుంచి ఏమీ తినలేదంట, తినమని చెప్పినాను. నువ్వు కూడా ఏమైనా తిను, గొంతు బొంగురు పోయింది."

నేను తలుపు కడ్డీ పట్టుకోని అట్లనే నిలబడినాను. ఎవరో అన్న చెల్లెలి పేరు వెతుక్కుంటా ఉంటే, నేను ఆ ఫోన్ మీద కోపం చేసుకుంటా ఉంటినే అని నా మీద నాకే సిగ్గేసింది.

సీట్లోకి వచ్చినాను. మునిరత్నమ్మక్క జరిగి చోటిచ్చింది. కిటికీ దగ్గర పెద్దాయన ముందుకు వంగినాడు.

"సార్, ఆ హోటల్ యాడ? అన్నిసార్లు అరిచి ఆర్డర్ ఇచ్చినారంటే సంగటి బాగుండాలే!"

ఇంగ మీటింగ్. పోయేసరికి ఆలస్యమే, వార్త నాకంటే ముందే చేరిపోయింది. ఏడెనిమిది దేశాలోళ్ళు టై కట్టుకోని కూర్చోనుండారు. మూర్తి సార్ నవ్వుతా ఉండారు, అంటే తర్వాత మాట్లాడతాను అని. స్పీకర్లో టావిటా గొంతు. గరగరమంటా ఉండాది, అయినా ప్రతి మాటా తెలుస్తా ఉండాది.

"కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ హెడ్‌మిస్ట్రెస్ గారికి మా దేశం తరఫున నమస్కారం. ఆమె నన్ను ముందు నమ్మలేదు. అందుకే ఆమెను నేను నమ్మినాను."

చప్పట్లు! అందరూ నా పక్కకు తిరిగి చప్పట్లు! నేను కూడా కొట్టినాను, వేరే దారి లేదు.

ఆ తర్వాత నా స్లైడ్లు. మూడో స్లైడ్‌లో పెద్ద బాణం గుర్తులతో మూడంచెల పద్ధతి. మొదటి అంచె శ్రీధర్. రెండో అంచె శ్రీధర్. మూడో అంచె శ్రీధర్. మీటింగ్‌కి అధ్యక్షత వహిస్తా ఉన్న ఒక తెల్లజుట్టు పెద్దావిడ కళ్ళజోడు సర్దుకోని అడిగినారు.

"ఈ ముగ్గురు శ్రీధర్‌లలో పొద్దున ఎవరూ దొరకలేదా?"

"లేదు మేడమ్. ముగ్గురూ ఒకే రైల్లో ఉండారు."

నవ్వులే నవ్వులు. కానీ నవ్వు ఆగినాంక ఒక విచిత్రం జరిగింది. ఎనక వరసలో ఒకాయన చెయ్యెత్తి, తమ లిస్ట్‌లో తన పేరే నాలుగుసార్లు ఉండాది అన్నాడు. ఇంకొకావిడ తమ లిస్ట్ తెరిచి, మాది ఇద్దరి పేర్లు, కానీ ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు, సెలవు కూడా కలిసే పెడతారు అనింది. ఒక్కొక్కరే లిస్ట్‌లు తీసినారు. అబ్బా, అంతర్జాతీయ సహకారం అంటే ఏందో నాకు ఆ రోజు తెలిసింది. అన్ని దేశాలూ ఒకరినొకరు అడక్కుండానే ఒకటే తప్పు చేసుండాయి!

ఉత్తుత్తి డ్రిల్ రద్దు చేసినారు. మధ్యాహ్నమంతా కూర్చోని లిస్ట్‌లు తిరగరాసినారు. ప్రతి దేశానికి ముగ్గురు వేరే వేరే మనుషులుండాల. ఎంత చిన్న దేశమైనా గడువు పొడుగ్గా పెట్టుకోవాల. ఇంకొక రూల్ కూడా ఆ తెల్లజుట్టావిడ పట్టుబట్టి చేర్పించినారు: ఏ ప్రొసీజర్ అయినా ఈ పనితో సంబంధం లేని ఒక తెలివైన మనిషి చదివి, సరే అంటేనే చెల్లుతాది. మా ఆఫీసుకు ఆ తెలివైన మనిషి ఎవరని ఎవరూ అడగలేదు. నేరుగా నా పక్కకు చూసినారు, ఆమె నంబర్ ఇవ్వమని.

సాయంత్రం కోరమండల్‌లో దిగి ఫోన్ మార్చుకున్నాను. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అదే భయం నాకు. బస్సారు వేడి చేసి అన్నం పెట్టినారు. తిన్నాను. స్కూటర్ తీసేటప్పుడు మాత్రం అడిగినారు, "టావిటా చెల్లెలి పేరు ఆ పేజీలో వచ్చిందంట, నీకు చెప్పినాడా?" లేదన్నాను. "నాకు చెప్పినాడు" అన్నారు. ఆ ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

మొన్న ఆ దేశాలన్నీ కలిసి ఆమెకు ఒక ప్రశంసాపత్రం పంపించినారు. ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించే బాధ్యత, అబ్బో, నాకే అప్పగించినారు. రాబర్ట్‌సన్‌పేటలో ఫ్రేమ్ అంగడికి తీసుకుపోయినాను. అంగడాయన అద్దం తుడుస్తా మొత్తం చదివినాడు. కళ్ళు పెద్దవైపోయినాయి.

"ఎవరు సార్ ఈ మేడమ్?"

"మా అత్తమ్మ."

"అబ్బా! ఒక దేశాన్నే కాపాడినారంటే! మరి మీరేం చేసినారు సార్ దీంట్లో?"

"నేనా? ఆమె ఫోన్ ఒక్క గీత పడకుండా బెంగళూరు పోయి వచ్చింది గదా... దాన్ని మోసింది నేనే."